ఛాతీలో గడ్డ పెద్ద రక్తనాళానికి పాకితే: మీ ప్రశ్నలకు జవాబులు

ఛాతీ గడ్డల గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే అనుమానం చుట్టూ తిరిగాయి: "రిపోర్టులో రక్తనాళానికి పాకిందని రాసిన్రు, ఇగ ఆపరేషన్ కాదంట గదా?" అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాం. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం, పేర్లు తీసేశాం.

ప్రశ్న: మా బాపుకు 54 ఏండ్లు. నెలన్నర నుంచి పొద్దున లేవంగనే మొఖం, కండ్లు ఉబ్బుతున్నయి. పగటీలికి కొంచెం తగ్గుతది. అంగీ మెడకాడ గుండీ పడుతలేదు. కిడ్నీ పరీక్షలు మంచిగనే ఉన్నయి. సీటీ స్కాన్‌లో ఛాతీ ముందు భాగంలో 9 సెంటీమీటర్ల గడ్డ, 'ఎస్‌వీసీ ఇన్‌ఫిల్ట్రేషన్' అని వచ్చింది. ఒక డాక్టర్ ఇది కొయ్యరాదన్నడు. ఇంకో డాక్టర్ ముందుగాల ముక్క తీసి పరీక్షకు పంపుదామంటున్నడు. ఎవరి మాట వినాలె?
(హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: రెండో డాక్టర్ మాట వినండి. సిరకు పాకిందన్న ఒక్క కారణంతో ఆపరేషన్ కాదని తేల్చేయడం సరికాదు. అది ఏ గడ్డో తెలియకుండా వెంటనే కోసేద్దామనడం అంతకంటే పెద్ద పొరపాటు.

ఎస్‌వీసీ అంటే తల, మెడ, చేతుల నుంచి వచ్చే రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిర. పొడవు సుమారు 7 సెంటీమీటర్లు, వెడల్పు 2 సెంటీమీటర్లు. దాని గోడ పలచన, లోపల ఒత్తిడి తక్కువ. పక్కన గడ్డ పెరిగితే అన్నిటికంటే ముందు నలిగేది అదే. రాత్రంతా పడుకుని ఉంటే తలవైపు రక్తం సరిగా దిగదు, అందుకే పొద్దున ఉబ్బు. లేచి తిరిగితే కొంత దిగుతుంది. కిడ్నీ జబ్బులో కాళ్లూ ఉబ్బుతాయి, ఇందులో ఉబ్బు ఛాతీకి పైభాగంలోనే ఉంటుంది. వంగితే తల దిమ్మెక్కడం, రొమ్ము మీద నీలి నరాలు తేలడం కూడా దీని గుర్తులే.

ఇక గడ్డ సంగతి. ఛాతీ ఎముక వెనుక ఈ జాగాలో పెరిగేవి ముఖ్యంగా ఇవి: థైమస్ గ్రంథి నుంచి వచ్చే థైమోమా, థైమిక్ కార్సినోమా, లింఫ్ కణాల క్యాన్సర్ అయిన లింఫోమా, బీజకణాల నుంచి పుట్టే జెర్మ్ సెల్ గడ్డలు, మెడ నుంచి కిందికి దిగిన థైరాయిడ్. ఊపిరితిత్తి క్యాన్సర్ కూడా పక్క నుంచి వచ్చి సిరను పట్టుకుంటుంది. టీబీ గ్రంథులు కూడా ఇక్కడ ఉబ్బి సిరను నొక్కగలవు. వీటిలో లింఫోమాకు, స్మాల్ సెల్ ఊపిరితిత్తి క్యాన్సర్‌కు కత్తితో పని లేదు. సిరను ఎంత చుట్టుకున్నా కీమోకు కరుగుతాయి, మొదటి కోర్సుకే మొఖం వాపు దిగడం మామూలే. జెర్మ్ సెల్ గడ్డలు ఎక్కువగా 15 నుంచి 40 ఏళ్ల లోపు మగవారిలో వస్తాయి. ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ రక్త పరీక్షల్లోనే చాలావరకు బయటపడతాయి. వాటికి ముందు 4 కోర్సుల కీమో ఇచ్చి, మిగిలిన గడ్డను తర్వాత తీస్తారు. మొదటే ఆపరేషన్ ఆలోచించాల్సినవి థైమోమా వంటివి. వాటిలోనూ మీ బాపు గడ్డ అంత పెద్దదై సిరకు పాకితే, సాధారణంగా 2 నుంచి 4 కోర్సుల కీమో ఇచ్చి గడ్డను కుదించాక కోస్తారు.

ఈలోపు కొన్ని జాగ్రత్తలు. తలవైపు ఎత్తు పెట్టి పడుకోబెట్టండి. చేతులకు, ముఖ్యంగా కుడిచేతికి, సెలైన్ ఎక్కించనివ్వకండి. అడ్డం పైనే ఉంది కాబట్టి ఆ మందు గుండెకు ఆలస్యంగా చేరుతుంది, చెయ్యి ఇంకా ఉబ్బుతుంది, నాళంలో రక్తం గడ్డ కట్టవచ్చు. వాపు తగ్గాలని ముక్క తీయకముందే స్టెరాయిడ్ మొదలుపెట్టనివ్వకండి. ఇది మరీ గట్టిగా చెబుతున్నాం. గడ్డ లింఫోమా అయితే డెక్సామెథసోన్‌తో అది సగం కరిగిపోతుంది, తర్వాత తీసిన ముక్కలో చచ్చిన కణాలు తప్ప ఏమీ కనబడవు. జబ్బు పేరు తెలియకుండానే విలువైన వారాలు గడిచిపోతాయి. శ్వాసలో ఈల వంటి చప్పుడు, మత్తుగా పడి ఉండటం, మాట తడబడటం, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, వీటిలో ఏది కనబడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా 108కు ఫోన్ చేయండి. అప్పుడు మాత్రం ప్రాణం నిలపడమే ముందు.

ప్రశ్న: సూది గుచ్చితే గడ్డ ఒళ్లంతా పాకుతదని మా ఊర్ల అందరు భయపెడుతున్నరు. నిజమేనా?
(భూపాలపల్లి)

జవాబు: సూది దారిలో కణాలు అంటుకోవడం అరుదు. ఆ భయంతో పరీక్ష మానుకుంటే జరిగే నష్టమే ఎక్కువ. ఒక్క మినహాయింపు ఉంది: స్కాన్‌లో చిన్నగా, పొర చెదరకుండా, అచ్చం థైమోమాలా కనబడే గడ్డ అయితే ముక్క తీయకుండా నేరుగా మొత్తం తీసేస్తారు. నాళాలకు పాకిన పెద్ద గడ్డకు ఇది వర్తించదు.

సన్న సూదితో కణాలు లాగే పరీక్ష ఇక్కడ చాలదు. థైమోమాలో కూడా లింఫ్ కణాలు నిండుగా ఉంటాయి కాబట్టి లింఫోమాతో తేడా తెలియదు. 18 గేజ్ ట్రూకట్ సూదితో స్కాన్ చూస్తూ నాలుగైదు ముక్కలు తీయాలి. ఛాతీ ఎముక అంచుకు వేలి మందం దూరంలో లోపల ఒక ధమని పైనుంచి కిందికి దిగుతుంది. సూది దాన్ని తప్పించి పోవాలి కాబట్టి గుడ్డిగా గుచ్చే పని కాదు. ముక్కలన్నీ ఫార్మలిన్ సీసాలో వేయకుండా ఒకటి మామూలు సెలైన్‌లో పెట్టి టీబీ కోసం సీబీనాట్, కల్చర్ పరీక్షలకు పంపమని అడగండి. ఫార్మలిన్‌లో పడిన ముక్కలో టీబీ క్రిమి పెరగదు, కల్చర్ దారి మూసుకుపోతుంది. ఎక్స్‌రేలో మచ్చ చూడగానే టీబీ మందులు మొదలుపెట్టి నెలల తరబడి వేచి చూసేవారు మన దగ్గర తక్కువేం కాదు, ఆ ఒక్క ముక్కతో ఆ గందరగోళం ఉండదు.

ఇంకో సంగతి: పెద్ద గడ్డ ఉన్నవారికి మత్తు ఇచ్చి వెల్లకిలా పడుకోబెట్టి ముక్క తీయడం ప్రమాదం. మత్తులో కండరాల బిగి పోతే గడ్డ బరువంతా శ్వాసనాళం మీద పడుతుంది. గొట్టం వేసినా దాని కింద నాళం మూసుకుపోవచ్చు. అందుకే తిమ్మిరి ఇంజెక్షన్ మాత్రమే ఇచ్చి, తల ఎత్తులో ఉంచి, రోగి తన ఊపిరి తాను తీసుకుంటుండగానే తీస్తారు.

ప్రశ్న: నేను స్టాఫ్ నర్సును. సిరను కోసి గొట్టం వేస్తారని విన్నాను. అంతసేపు తల నుంచి వచ్చే రక్తం ఎక్కడికి పోతుంది? మెదడుకు దెబ్బ తగలదా?
(జగిత్యాల)

జవాబు: ఈ ఆపరేషన్ అసలు చిక్కు మీరు అడిగినదే, కాబట్టి కొంచెం వివరంగా.

ముందు ఏర్పాట్లు. మ్యాచ్ చేసిన రక్తం కనీసం 4 యూనిట్లు సిద్ధంగా ఉండాలి. పెద్ద సైజు లైన్లు కాలి వైపు సిరకు వేస్తారు. ఎస్‌వీసీని బిగించాక చేతి నుంచి ఇచ్చే మందు, రక్తం గుండెకు చేరవు కదా! మెడలో ఒక లైన్ ఉంచితే అది మందులకు కాదు, తలవైపు ఒత్తిడి ఎంత పెరుగుతోందో చూడటానికి.

ఛాతీ ఎముకను పైనుంచి కిందికి రంపంతో తెరుస్తారు. గడ్డ ఒకవైపు ఊపిరితిత్తిలోకి బాగా పోతే పక్కటెముకల మధ్యకు కోత పొడిగిస్తారు. తెరవగానే గడ్డ మీద చెయ్యి వేయరు. ముందు ఊపిరితిత్తి పొర మీద, గుండె పొర మీద చిన్న చిన్న గింజలు ఉన్నాయేమో వెతుకుతారు. ఉంటే అక్కడికక్కడే ఫ్రోజెన్ సెక్షన్‌కు (ఆపరేషన్ నడుస్తుండగానే ముక్కను చూసి చెప్పే పరీక్షకు) పంపుతారు, ఆ జవాబు మీద మిగతా ఆపరేషన్ ఆధారపడుతుంది. తర్వాత గడ్డను సులువైన వైపుల నుంచి విడదీస్తూ వచ్చి, సిరకు అంటిన చోటును చివరికి వదులుతారు. గుండె పొర తెరిచి ఎస్‌వీసీ గుండెలో కలిసే చోట ఒక టేపు, పైన కుడి ఎడమ బ్రాకియోసెఫాలిక్ సిరలకు (తల, చేతుల రక్తాన్ని ఎస్‌వీసీకి తెచ్చే రెండు కొమ్మలకు) తలా ఒక టేపు వేస్తారు. వెనుక నుంచి వచ్చి కలిసే అజైగస్ సిరను, అవసరమైతే, కట్టేస్తారు. గుండె కొట్టుకునే లయను పుట్టించే ముడి సరిగ్గా ఎస్‌వీసీ, కర్ణిక (గుండె పై గది) కలిసే చోటే ఉంటుంది. క్లాంపు మరీ కిందికి పడితే లయ తప్పుతుంది.

ఇక కొలత. సిర చుట్టుకొలతలో మూడో వంతు లోపే గడ్డ పట్టి ఉంటే, ఒక పక్కను మాత్రమే పట్టే క్లాంపు వేసి, ఆ భాగం కోసి, 5-0 ప్రోలీన్ దారంతో నేరుగా కుట్టేస్తారు. రక్తం పక్క నుంచి పారుతూనే ఉంటుంది. అంతకంటే ఎక్కువ పోతే రోగి సొంత గుండె పొర ముక్కనో, ఆవు గుండె పొర ముక్కనో అతుకుగా వేస్తారు. సగం దాటితే ఆ భాగం మొత్తం తీసి గొట్టం వేయాల్సిందే. సగానికి పైగా పోయిన సిరను లాగి కుట్టి సర్దుదామనుకుంటే నాళం సన్నబడి నాలుగు రోజుల్లో మూసుకుపోతుంది.

మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. వీలైన చోటల్లా ముందు ఎడమ బ్రాకియోసెఫాలిక్ సిరను కోసి, గొట్టంతో నేరుగా కుడి కర్ణికకు అంటి ఉండే చిన్న సంచికి కలిపేస్తారు. ఆ కాసేపు తలవైపు రక్తం కుడి వైపు నుంచి దిగుతుంది. గొట్టం పారడం మొదలయ్యాక కుడివైపు బిగించి, గడ్డతో సహా ఎస్‌వీసీని తీస్తారు. ఏ నిమిషంలోనూ మెదడుకు రెండు దారులూ మూయరు. అలా కుదరకపోతే పూర్తిగా బిగించక తప్పదు. అప్పుడు తల ఎత్తి, కాలి లైన్ నుంచి ద్రవాలు ఎక్కించి, నోరాడ్రినలిన్‌తో బీపీ నిలబెట్టి, అరగంట నుంచి ముప్పావు గంట లోపు కుట్టు ముగిస్తారు. చాలాకాలంగా సిర మూసుకుని పక్కదారులు ఏర్పడినవారు దీన్ని బాగా తట్టుకుంటారు. వింతగా ఉన్నా, సిర తెరిచి ఉన్నవారికే బిగించినప్పుడు బీపీ ఎక్కువ పడిపోతుంది. బిగించే ముందు కిలో బరువుకు 50 నుంచి 100 యూనిట్ల హెపారిన్ ఇస్తారు.

గొట్టం పీటీఎఫ్‌ఈ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేసినది, బయట గట్టి రింగులు ఉంటాయి. పొలం మోటారుకు వాడే సక్షన్ పైపుకు రింగులు ఎందుకో దీనికీ అందుకే: లోపల ఒత్తిడి తక్కువైనా చప్పిడి కాకుండా ఉండాలి. ఎస్‌వీసీ స్థానంలోనే వేసేదైతే 18 నుంచి 20 మిల్లీమీటర్లు, బ్రాకియోసెఫాలిక్ నుంచి తెచ్చేదైతే 10 నుంచి 14 మిల్లీమీటర్లు వాడతారు. రెండు వైపులకూ వై ఆకారంలో గొట్టం వేయడం కాగితం మీద బాగుంటుంది గానీ ఒక కొమ్మలో పారుదల తగ్గి అది మూసుకుపోతుంది. ఒక వైపు సరిగా పారితే చాలు. తల, మెడ సిరలు లోపల ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి.

ఎక్కడ చెడుతుందంటే, అన్నిటికంటే ఎక్కువగా గొట్టం పొడవు దగ్గర. ఎముక విప్పి ఉన్నప్పుడు కొలిచిన పొడవు, మూసాక ఎక్కువైపోయి గొట్టం మడతపడుతుంది. రిట్రాక్టర్ వదులు చేసి, గుండె నిండి ఉన్నప్పుడు కొలవాలి. కుట్టు దారం బిగించి లాగితే నోరు సంచి మూతిలా ముడుచుకుంటుంది, కొంచెం వదులుతో ముడి వేయాలి. చివరి కుట్టు బిగించే ముందు పై క్లాంపు కాస్త వదిలి గాలి, రక్తపు గడ్డలు బయటికి కొట్టుకుపోనిచ్చి ముడివేస్తారు. అదే ఆపరేషన్‌లో ఊపిరితిత్తి కూడా తీసి శ్వాసనాళం తెరవాల్సి వస్తే కృత్రిమ గొట్టానికి చీము పట్టే భయం ఉంటుంది. అలాంటప్పుడు గుండె పొరతో చేసిన గొట్టం మేలు, లేదంటే రెంటికీ మధ్య కండ గల పొరను అడ్డం పెట్టాలి.

ఐసీయూలో మీరు చూడాల్సింది మొఖం. సాయంత్రానికి మొఖం, మెడ మళ్లీ ఉబ్బితే అది ఆపరేషన్ వాపు అనుకుని వదిలేయకండి, గొట్టంలో రక్తం గడ్డ కట్టిందేమో వెంటనే చూపించాలి. ఛాతీ గొట్టంలో గంటకు 200 మిల్లీలీటర్ల చొప్పున రెండు మూడు గంటలు ఎర్రగా వస్తే సర్జన్‌ను లేపాల్సిందే.

ప్రశ్న: కోసుడు లేకుండ స్టెంటు వేస్తే సరిపోదా?
(మంచిర్యాల)

జవాబు: వాపు దిగడానికి సరిపోతుంది, గడ్డ పోవడానికి కాదు. తొడ సిర గుండా స్టెంటు వేస్తే ఒకటి నుంచి మూడు రోజుల్లో మొఖం తేటపడుతుంది. ఆపరేషన్‌కు వీల్లేని క్యాన్సర్‌లో, ఊపిరి ఇబ్బందిలో ఇదే మంచి మార్గం. తీసేయగల గడ్డ అయితే మాత్రం సర్జన్ చూడకముందే స్టెంటు వేయించకండి. సిర గోడలో దిగిన లోహపు జాలి తర్వాత కోతకు, కుట్టుకు అడ్డం వస్తుంది.

ప్రశ్న: మా నాయిన సింగరేణిల చేసి రిటైరయిండు. 63 ఏండ్లు, బీడీలు తాగేటోడు. ఎడమ ఊపిరితిత్తి పై భాగంల క్యాన్సర్ గడ్డ, 'అయోర్టాను ఆనుకొని ఉంది, మధ్యల కొవ్వు పొర కనబడుతలేదు' అని రాసిన్రు. పెట్ స్కాన్‌ల ఛాతీ మధ్య గ్రంథులు కూడ మెరిసినయంట. నాలుగో స్టేజీ అనుకోవాల్నా?
(గోదావరిఖని)

జవాబు: కాదు. అయోర్టాలోకి (గుండె నుంచి బయల్దేరే మహాధమనిలోకి) నిజంగా చొచ్చుకుపోతే దాన్ని టీ4 అంటారు. అది గడ్డ స్థితిని చెప్పే గుర్తు, నాలుగో స్టేజీ కాదు. స్టేజీ నాలుగు అంటే దూరపు అవయవాలకు పాకడం. ఈ రెండిటినీ కలిపేసి ఇంటికి తిరిగి పోయేవాళ్లున్నారు.

ఆనుకుని ఉండటం వేరు, చొచ్చుకుపోవడం వేరు. తాకిన పొడవు 3 సెంటీమీటర్ల లోపు, చుట్టుకొలతలో 90 డిగ్రీల లోపు ఉంటే చాలావరకు విడదీయవచ్చు. అంతకు మించితే అనుమానం పెరుగుతుంది తప్ప ఖాయం కాదు. కొవ్వు పొర కనబడకపోవడం ఒక్కటే రుజువు కాదు. నాళం లోపలి అంచు గరుకుగా మారినా, లోపలికి గడ్డ కనబడినా సందేహం లేదు. చాలామందిలో చివరి మాట ఆపరేషన్ బల్ల మీద సర్జన్ వేలితో తడిమినప్పుడే తేలుతుంది.

అయోర్టా గోడ మూడు పొరలు. బయటి పొరకే అంటితే ఆ పొరను గడ్డతో పాటు వలిచేస్తారు. మధ్య పొరకు దిగితే ఆ ముక్కను తీయాలి. దానికి గుండె పని కొంతసేపు యంత్రానికి అప్పగించి, డాక్రాన్ గొట్టం వేయాలి. లేదా కొన్ని రోజుల ముందే తొడ ధమని నుంచి లోపలికి గుడ్డ తొడిగిన స్టెంటు పంపి, గడ్డకు రెండు వైపులా కనీసం 2 సెంటీమీటర్లు దాటేలా వేసి, తర్వాత బయటి నుంచి గోడ కోస్తారు. గుండె యంత్రం, దానితో పాటు పూర్తి హెపారిన్ అవసరం తప్పడం దీని లాభం. వెన్నుపాముకు రక్తం ఇచ్చే ముఖ్య ధమని సాధారణంగా ఛాతీ కింది భాగంలో అయోర్టా నుంచే బయల్దేరుతుంది. అది మూసుకుపోతే కాళ్లు పడిపోవచ్చు. ఈ మాట సంతకం పెట్టించుకునే ముందే మీకు చెప్పాలి, చెప్పకపోతే మీరే అడగండి.

మీ నాయిన విషయంలో మాకు అయోర్టా కంటే గ్రంథులే ముఖ్యంగా కనబడుతున్నాయి. ఛాతీ మధ్య గ్రంథుల్లో పలుచోట్ల క్యాన్సర్ ఉంటే, అయోర్టా కోసి గొట్టం వేసినా ఆయుష్షు పెరగదు. అలాంటివారికి ఆపరేషన్ చేయకూడదన్నదే మా అభిప్రాయం. 60 గ్రే రేడియేషన్ 6 వారాలు, దానితో పాటే కీమో, జబ్బు అదుపులో ఉంటే తర్వాత ఏడాది వరకు డుర్వాలుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ (క్యాన్సర్‌తో పోరాడేలా ఒంటి రోగనిరోధక శక్తిని లేపే మందు). అదే వారికి తగిన వైద్యం. కానీ గ్రంథులు మెరిసినంత మాత్రాన క్యాన్సర్ కాదు! బొగ్గు గనుల్లో పనిచేసినవారి గ్రంథుల్లో దుమ్ము పేరుకుని వాచి ఉంటుంది, పాత టీబీ గ్రంథులూ అలాగే పెట్ స్కాన్‌లో మెరుస్తాయి. ఈబస్ పరీక్షలో శ్వాసనాళం నుంచి సూదితో ఆ గ్రంథుల ముక్క తీసి చూశాకే నిర్ణయం. స్కాన్ వెలుతురు చూసి ఆపరేషన్ కాదని చెబితే ఒప్పుకోకండి. మెదడు ఎంఆర్‌ఐ కూడా ముందే చేయించాలి. గడ్డ ముక్కలో ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే అనే జన్యు మార్పుల పరీక్షలు అడగండి. అవి పాజిటివ్ అయితే ఇమ్యూనోథెరపీ అంతగా పనిచేయదు, దానికి వేరే మాత్రలు ఉన్నాయి.

ఊపిరి సత్తువ ఇంకో లెక్క. ఎఫ్‌ఈవీ1, డీఎల్‌సీఓ అనే రెండు కొలతలు చూసి, ఆపరేషన్ తర్వాత ఎంత మిగులుతుందో లెక్కగడతారు. రెండూ 60 శాతం పైన మిగిలితే నిశ్చింత. 30 నుంచి 60 మధ్య అయితే మెట్లెక్కించి చూస్తారు. ఏ ఒక్కటి 30 లోపున్నా పెద్ద వ్యాయామ పరీక్ష తప్పదు. బీడీ కనీసం 4 వారాల ముందు మానాలి. ముందు రోజు మానేసి వచ్చానంటే కఫం తగ్గదు, ఆపరేషన్ తర్వాత న్యుమోనియా పట్టుకుంటుంది.

ప్రశ్న: మా చెల్లెకు 31 ఏండ్లు. సాయంత్రమయితే కనురెప్పలు వాలుతయి, అన్నం నమలంగ నమలంగ దవడ అలిసిపోతది. మయస్తీనియా అని చెప్పి స్కాన్ తీస్తే థైమోమా బయటపడ్డది, ఎడమ బ్రాకియోసెఫాలిక్ సిరకు అంటి ఉన్నదట. ఆపరేషన్‌కు ముందు ఏం చూసుకోవాలె?
(హుజూరాబాద్)

జవాబు: థైమోమా ఉన్నవారిలో మూడో వంతుకు పైగా మందికి మయస్తీనియా (కండరాలు త్వరగా అలిసిపోయే జబ్బు) ఉంటుంది, కాబట్టి ఇది వింత జంట కాదు. సిర సంగతి తేలిక. ఎడమ బ్రాకియోసెఫాలిక్ ఒక్కటే అయితే కట్టేసి తీసేయవచ్చు, కుడివైపు బాగుంటే గొట్టం కూడా అక్కరలేదు. కొన్ని వారాలు ఎడమ చెయ్యి బరువుగా, ఉబ్బుగా ఉండి తగ్గుతుంది.

జాగ్రత్తంతా ఊపిరి కండరాల దగ్గర. మింగడం, శ్వాస ఇబ్బంది ఉంటే ముందుగా ఐవీఐజీ (సిరలోకి ఎక్కించే యాంటీబాడీల మందు) ఇవ్వాలి. మొత్తం మోతాదు కిలోకు 2 గ్రాములు, 2 నుంచి 5 రోజుల్లో ఎక్కిస్తారు. 50 కిలోల మనిషికి 100 గ్రాములు. ఖర్చు పెద్దదే, అందుకే ముందే అనుమతి రాయించుకోండి. దానికి బదులు ప్లాస్మా మార్పిడి, దినం విడిచి దినం 5 సార్లు చేయవచ్చు. మనిషి స్థిమితపడ్డాకే తేదీ పెట్టాలి. గడ్డ పక్కనే ఫ్రెనిక్ నరం పోతుంది, పొట్టకు, ఛాతీకి మధ్య ఉన్న పెద్ద ఊపిరి కండరాన్ని ఆడించేది అదే. మామూలు మనిషికి ఒక వైపు నరం పోయినా నెట్టుకురాగలరు. మయస్తీనియా ఉన్నవారికి ఒక్కటి పోయినా వెంటిలేటర్ విడవడం కష్టం. నరం పొర మీద కొంచెం గడ్డ మిగిలినా సరే, అక్కడ క్లిప్పులు పెట్టి తర్వాత రేడియేషన్ ఇవ్వడం మేలన్న నిర్ణయం ఆపరేషన్‌కు ముందే మాట్లాడుకోవాలి.

మందుల విషయం ఇంటి గోడ మీద రాసి పెట్టుకోండి. జెంటామైసిన్, అమికాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్, క్లోరోక్విన్, మెగ్నీషియం ఇంజెక్షన్: ఇవి మయస్తీనియాను ఉన్నట్టుండి ముదిరేలా చేయగలవు. జ్వరం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మొదట పడే సూది తరచు ఇందులోదే. గడ్డ తీసిన మర్నాడే రెప్పలు లేవవు. తేడా తెలియడానికి నెలలు, ఒక్కోసారి ఒకటి రెండేళ్లు పడుతుంది. మయస్తీనియాకు ఇచ్చే పైరిడోస్టిగ్మిన్ మాత్ర తమంతట తాము ఆపొద్దు. థైమోమా పదేళ్ల తర్వాత కూడా తిరగబెట్టవచ్చు: మొదటి రెండేళ్లు ఆర్నెల్లకోసారి, ఆపైన పదేళ్ల దాకా ఏడాదికోసారి స్కాన్ ఉండాలి.

ప్రశ్న: మా ఆయనకు గొట్టం వేసిన్రు. వార్ఫరిన్ రాసిచ్చి ఆకుకూరలు తినొద్దన్నరు. మేం గోంగూర, పాలకూర లేకుంట ఉండలేం. ఎన్ని దినాలు వాడాలె?
(పరకాల)

జవాబు: గొట్టం లోపలి వైపు పలచని పొర ఏర్పడే దాకా, మామూలుగా 3 నుంచి 6 నెలలు వార్ఫరిన్ (రక్తం గడ్డ కట్టకుండా చూసే మాత్ర), ఆపైన ఆస్పిరిన్. ఆసుపత్రిని బట్టి తేడా ఉంటుంది. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డ కడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష 2 నుంచి 3 మధ్య ఉండాలి. మొదట్లో వారానికి ఒకటి రెండు సార్లు, కుదురుకున్నాక నెలకోసారి చూపించాలి.

ఆకుకూర మానక్కరలేదు. అందులోని విటమిన్ కె వార్ఫరిన్‌ను తగ్గిస్తుంది కాబట్టి ఒక వారం రోజూ మునగాకు తిని, తర్వాత వారం ముట్టకపోతే ఐఎన్‌ఆర్ ఊగుతుంది. ఎప్పుడూ ఒకే లెక్కన తింటే మాత్ర మోతాదు దానికి సర్దవచ్చు. అసలు ప్రమాదం కూరలో కాదు. ఒళ్లు నొప్పులకని డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడంలో, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్‌లో, పేరు లేని పసరు మందుల్లో ఉంది. నొప్పికి పారాసిటమాల్, అదీ డాక్టర్ చెప్పిన మేరకే. నల్లటి విరేచనం, చిగుళ్ల నుంచి ఆగని రక్తం కనబడితే మాత్ర ఆపి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. అలాగని మంచిగుందని మీరే మానేస్తే గొట్టం మూసుకుపోతుంది, మొఖం మళ్లీ ఉబ్బుతుంది.

ప్రశ్న: ఇంత పెద్ద ఆపరేషన్ వరంగల్‌ల అయితదా, హైదరాబాద్ పోవాల్నా? ఆరోగ్యశ్రీల వస్తదా? ఏమేం తీసుకపోవాలె?
(నర్సంపేట, ములుగు నుంచి ఇద్దరు)

జవాబు: స్కాన్, సూది పరీక్ష, టీబీ, రక్త పరీక్షలు వరంగల్‌లోనే చేయించుకోవచ్చు. వాటికోసం ముందే హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకుని వారాలు గడపక్కరలేదు. ఆపరేషన్‌కు మాత్రం ఊరి పేరు కాదు, ఈ ప్రశ్నలు ముఖ్యం: ఛాతీ సర్జన్, గుండె లేక రక్తనాళాల సర్జన్ ఒకే బల్ల దగ్గర ఉంటారా? గుండె యంత్రం, దాన్ని నడిపే మనిషి ఆ రోజు సిద్ధమేనా? రక్తనిధి ఆవరణలో ఉందా? ఫ్రోజెన్ సెక్షన్ ఉందా? ఇలాంటివి ఏటా ఎన్ని చేస్తున్నారు? వీటిలో దేనికైనా సూటి జవాబు రాకపోతే ఇంకో చోట అడగండి. హైదరాబాద్‌లో పంజాగుట్ట నిమ్స్‌లో గుండె, ఛాతీ శస్త్రచికిత్స, క్యాన్సర్ విభాగాలు ఒకే చోట ఉన్నాయి. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రి కీమో, రేడియేషన్‌కు ప్రభుత్వ కేంద్రం.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. గొట్టం, స్టెంటు, ఐవీఐజీ ప్యాకేజీలో ఉన్నాయో లేవో చేరకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. పథకంలో లేని ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ముందుగా ఎల్‌ఓసీ (ఖర్చు చెల్లిస్తామని ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం) తెచ్చుకోవచ్చు. దానికి ఆసుపత్రి ఇచ్చిన అంచనా పత్రం కావాలి. సింగరేణి వారు తమ ఆసుపత్రి నుంచి రెఫరల్ రాయించుకోకుండా బయల్దేరితే బిల్లు దగ్గర చిక్కొస్తుంది.

తీసుకెళ్లాల్సిన వాటిలో ఎక్కువమంది మరిచేది సీటీ స్కాన్ సీడీ. పెద్ద నల్ల ఫిల్ముల మీద నాలుగైదు వరుసల బొమ్మలే ఉంటాయి, సర్జన్‌కు కావలసింది ఒక మిల్లీమీటరు మందంతో అన్ని ముక్కలూ, కంప్యూటర్‌లో తిప్పి చూడగలిగేలా. సీడీ సెంటర్‌లోనే పెట్టి చూపించమనండి, ఖాళీ సీడీలు ఇచ్చే చోట్లు ఉన్నాయి. స్కాన్ చేసేటప్పుడే సిరలు కూడా నిండేలా కాంట్రాస్ట్ తీయమని డాక్టర్ చీటీలో రాయించండి, లేకపోతే అదే స్కాన్ అక్కడ మళ్లీ తీస్తారు. ముక్క పరీక్ష రిపోర్టుతో పాటు స్లైడ్లు, మైనం దిమ్మెలు అడిగి తీసుకోండి. అవి మీవే, సంతకం పెట్టించుకుని ఇస్తారు. మైనం దిమ్మెలను బస్సులో ఇంజన్ పక్కన, ఎండ పడే కిటికీ దగ్గర పెట్టకండి, కరుగుతాయి.